పిట్ట ముట్టే ముందు నవ్వు: ‘ఈ.మ.యౌ’, ‘బలగం’ చిత్రాల తులనాత్మక పరిశీలన

చావు జరిగిన ఇంట్లో నవ్వు వినిపించడం తెలంగాణ పల్లెకు వింత కాదు. శవం లేచేదాకా శోకం, కాటి నుంచి తిరిగి వచ్చినవారికి కల్లు, మూడొద్దులనాడు కూరల మీద వాదులాట, పదకొండొద్దులనాడు పాత పగల లెక్క. ఇవన్నీ ఒకే వాకిట్లో, ఒకే బంధువర్గం మధ్య, పెద్దగా ఎడం లేకుండా జరిగిపోతాయి. చనిపోయినవాడిని తలచుకొని ఏడ్చిన నోటితోనే అతని చిలిపి పనులు చెప్పి నవ్వించే ముసలివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అయినా తెలుగు సినిమా చాలాకాలం చావును ఏడ్పుకు మాత్రమే అప్పగించింది. నాయకుని తండ్రి చనిపోతే అది పగకు కారణం. తల్లి చనిపోతే అది కథకు మలుపు. చావు తరువాతి పదకొండు రోజులను, ఆ రోజుల్లో మనుషులు ప్రవర్తించే తీరును కథావస్తువుగా స్వీకరించడం అరుదు.

2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’ ఆ అరుదైన పని చేసింది. అంతవరకు హాస్యనటుడిగానే ప్రేక్షకులకు తెలిసిన వేణు ఎల్దండికి దర్శకుడిగా ఇది మొదటి చిత్రం. దీనికి దాదాపు అయిదేళ్ళ ముందు, 2018 మే 4న, మలయాళంలో ‘ఈ.మ.యౌ’ విడుదలైంది. పి.ఎఫ్. మాత్యూస్ రచనకు లిజో జోస్ పెల్లిశ్శేరి దర్శకత్వం వహించిన ఆ చిత్రం మలయాళ బ్లాక్ కామెడీలలో ముందు వరుసలో నిలిచింది. 2018లో గోవాలో జరిగిన భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటుడు పురస్కారాలు రెండూ దానికే దక్కాయి. రెండు చిత్రాలలోనూ ఒక ముసలి తండ్రి చనిపోతాడు. రెండింటిలోనూ అంత్యక్రియ సజావుగా సాగదు. రెండింటిలోనూ ప్రేక్షకుడు నవ్వకూడని చోట నవ్వుతాడు.

ఈ పోలిక తీసుకురాగానే వినిపించే తీర్పు ఒకటి ఉంది. మలయాళ చిత్రం చివరిదాకా తన నవ్వును నిలుపుకొన్నదని, తెలుగు చిత్రం సగం దూరం వచ్చి భయపడి కన్నీళ్ళలోకి జారుకొన్నదని ఆ తీర్పు. ఇందులో కొంత నిజం ఉంది. కాని నవ్వు ఎక్కడ ఆగింది, ఎవరు ప్రవేశించినప్పుడు ఆగింది అన్న ప్రశ్న వేయకుండా ఇచ్చిన తీర్పు ఇది. ‘బలగం’ కుటుంబాన్ని చూసి ధారాళంగా నవ్వుతుంది. కుటుంబానికి వెలుపలి కులానికి చెందిన కళాకారులు వాకిట్లోకి వచ్చిన క్షణంలో ఆ నవ్వు ఆగిపోతుంది. ఆ కళాకారుల సంప్రదాయంలో నవ్వు లేకపోవడం దీనికి కారణం కాదు. ఉన్న నవ్వును చిత్రం తీసుకోలేదు. చిత్రం బలం, పరిమితి రెండూ ఆ చోటనే తెలుస్తాయి.

రసవిరోధం

‘బ్లాక్ కామెడీ’ అనే మాటకు తెలుగులో స్థిరమైన పర్యాయపదం ఏర్పడలేదు. ‘విషాద హాస్యం’ అన్న ప్రయోగం కన్పిస్తున్నా అది పూర్తిగా సరిపోదు. విషాదం కొంతసేపు, హాస్యం కొంతసేపు అన్న వంతుల భావన అందులో ఉంది. తెలుగు సినిమాకు అది పాత అలవాటే. బ్లాక్ కామెడీలో వంతులు ఉండవు. ఏడ్వవలసిన విషయమే నవ్వు పుట్టిస్తుంది. నవ్విన తరువాత ఆ విషయం తేలిక పడదు. 1940లో ఆంద్రే బ్రెతాఁ ఫ్రెంచిలో ‘నల్ల హాస్యం’ పేరిట ఒక సంకలనం కూర్చినప్పటి నుంచి ఈ మాట సాహిత్య విమర్శలో నిలబడింది.

భారతీయ అలంకారశాస్త్రం వైపు నుంచి చూస్తే ఆ పేరే ఒక వర్ణసంకరం. నాట్యశాస్త్రంలో హాస్యరసానికి తెలుపు వర్ణం, ప్రమథగణం అధిదేవత. కరుణకు కపోతవర్ణం, యముడు అధిదేవత. తెల్లని నవ్వును నల్లదనడం, యముడి వాకిట్లో ప్రమథులను ఆడించడం భరతుని పట్టికలో కుదరని పని. తరువాతి కాలంలో సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు హాస్యానికి భయానకాన్నీ కరుణనూ విరోధి రసాలుగా స్పష్టంగా పేర్కొన్నాడు. ఒకే ఆశ్రయంలో ఆ రెండింటినీ కలపడం దోషం.

ఈ విషయంలో సాధారణంగా గుర్తుకు రాని మరొక అంశం ఉంది. భరతుడు నవ్వును ఆరు విధాలుగా విభజించి మనుషుల తరగతులకు పంచాడు. ఉత్తమ ప్రకృతులకు స్మితం, హసితం. మధ్యములకు విహసితం, ఉపహసితం. అధములకు అపహసితం, అతిహసితం. అంటే ఎవరు ఎంత నవ్వాలో, ఎలా నవ్వాలో సామాజిక స్థాయిని బట్టి నిర్ణయమై ఉంది. శాస్త్రం చెప్పిన ఈ పంపకం ‘బలగం’ పతాక సన్నివేశం దాకా నీడలా వెంట వస్తుంది.

శాస్త్రం కాదన్నదాన్ని తెలుగు నుడికారం ఎన్నడూ కాదనలేదు. ‘చచ్చినవాడి కళ్ళు చారెడు’ అన్న సామెత ఒక్కటి చాలు. బతికి ఉండగా తిట్టినవారే శవం ముందు నిలబడి పొగడడాన్ని ఇంత క్లుప్తంగా, ఇంత నిర్దయగా ఎత్తిపొడిచిన మాట మరొకటి ఉండదు. ‘చావు కబురు చల్లగా’ అన్న పలుకుబడి కూడా అలాంటిదే. దాన్నే పేరుగా పెట్టుకొని 2021లో ఒక చిత్రం వచ్చింది. శవాలను తీసుకువెళ్ళే వాహనం నడిపే యువకుడు ఒక చావింట్లో అప్పుడే భర్తను పోగొట్టుకొన్న స్త్రీని ప్రేమించడం దాని ఇతివృత్తం. ప్రారంభంలో ఉన్న సాహసం కథలో త్వరగా కరిగిపోయింది కనుక దాన్ని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు.

అనుమతి కోసం నిరీక్షణ

కొచ్చి సమీపంలోని చెల్లానం తీరం ‘ఈ.మ.యౌ’ కథాస్థలం. అక్కడి లాటిన్ కాథలిక్ మత్స్యకార సమాజంలో మరణిస్తున్నవారి చెవిలో పలికే ప్రార్థన ‘ఈశో మరియం యౌసేప్’. ఆ మూడు పేర్ల తొలి అక్షరాలే చిత్రం పేరు. ప్రాణం పోయేవేళ చెప్పవలసిన ప్రార్థన ఒక కార్యాలయపు సంక్షిప్త నామంలా కుదించుకుపోవడంలోనే దర్శకుని చూపు కొంత అర్థమవుతుంది.

చాలాకాలానికి ఇంటికి తిరిగి వచ్చిన వావచ్చన్ మేస్త్రి కొడుకు ఈశితో కూర్చుని తాగుతాడు. తన తండ్రి అంత్యక్రియ ఎంత వైభవంగా జరిగిందో చెప్పుకొంటాడు. నీకు అంతకంటె ఘనంగా చేస్తానని ఈశి మాట ఇస్తాడు. కొద్దిసేపటికే మేస్త్రి తాగిన మత్తులో ఆడుతూ కుప్పకూలి చనిపోతాడు. మాట ఇచ్చిన రాత్రే మాట నెరవేర్చవలసిన రాత్రి అవుతుంది. అక్కడి నుంచి చిత్రమంతా వానలో, చీకటిలో, ఆ మాట చెల్లించుకోలేని ఒక పేదవాడి పరుగు. తాహతుకు మించిన శవపేటిక, బ్యాండు మేళం, ఊరేగింపు. ఒక్కొక్క వస్తువూ అప్పుతో సంబంధం ఉన్నదే. ఘనంగా తెచ్చిన పేటిక అడుగు ఊడి శవం కింద పడే దృశ్యంలో ప్రేక్షకుడు నవ్వుతాడు. నవ్వుతూనే ఆ పేటికకు పెట్టిన ఖర్చు ఎవరిదో గుర్తు తెచ్చుకొంటాడు.

వస్తువులు మోసం చేయడం ఒక ఎత్తు. మనుషులు అడ్డం తిరగడం మరొక ఎత్తు. మేస్త్రి చావు మీద ఒక పుకారు పుడుతుంది. శవం మీది గాయం, చనిపోయే ముందు జరిగిన ఒక తగాదా దానికి ఆధారాలు. అపరాధ పరిశోధన మీద మోజున్న చర్చి వికారికి ఆ పుకారు చాలు. సమాధి స్థలానికి తాళం ఆయన చేతిలో ఉంది. ఆయన అనుమానం తీరేదాకా శవానికి మట్టి దొరకదు. గొయ్యి తవ్వడానికి దిగిన కాటికాపరి తవ్వుతూనే చనిపోవడం, మేస్త్రి మరొక కుటుంబం తలుపు దగ్గర ప్రత్యక్షం కావడం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. చివరకు ఈశి మతి చలించినట్లై, వికారి మీద చేయి చేసుకొని, తన ఇంటి ముందే గొయ్యి తీసి తండ్రిని పూడుస్తాడు. వెండి శిలువ లేదు, మేళం లేదు, చర్చి లేదు. ఇచ్చిన మాటలో ఒక్కటి మాత్రం నిలుస్తుంది: కొడుకు తండ్రిని పూడ్చాడు.

ఈ చిత్రంలో నవ్వు పుట్టించే యంత్రం అనుమతి. పూడ్చడానికి అనుమతి ఇచ్చే అధికారం ఒక సంస్థ చేతిలో ఉంది. ఆ సంస్థకు ముఖం ఉంది, పదవి ఉంది, దురభిమానం కూడా ఉంది. కనుక నవ్వుకు లక్ష్యం దొరికింది. చివరిదాకా నవ్వు చెదరకపోవడానికి పెల్లిశ్శేరి ధైర్యం ఒక్కటే కారణం అనుకోవడం సరి కాదు. ఎదుట ఒక అధికారి నిలబడి ఉన్నాడు. అధికారి మీద నవ్వడం ఎప్పుడూ తేలిక.

మరొక పాత్రను ఇక్కడ విడిచిపెట్టకూడదు. ఈశి భార్య, చెల్లెలు, తల్లి మధ్య తల్లి పెన్నమ్మ శోకం (పౌలీ వల్సన్ నటన) చిత్రంలో ఒక ప్రత్యేక శిల్పం. ఆమె శవం పక్కన కూర్చుని లయబద్ధంగా ఏడుస్తుంది. వచ్చినవారిని చూసి ఏడ్పు హెచ్చుతుంది. చనిపోయినవాడి మీద ఫిర్యాదులు ఆ ఏడ్పులోనే దొర్లుతాయి. తెలంగాణలో ‘శోకం పెట్టి ఏడ్చుడు’ అనే ఆచారం తెలిసినవారికి ఈ దృశ్యం పరాయిదిగా తోచదు. గడప దాటి వచ్చిన ప్రతి ఆడబిడ్డను పట్టుకొని మాటలు కట్టి ఏడ్వడం, ఆ మాటల్లోనే పెట్టుపోతల లెక్కలు అడగడం, ఆ వెంటనే కళ్ళు తుడుచుకొని ‘బువ్వ తిన్నవా’ అని అడగడం పల్లెల్లో ఇప్పటికీ ఉన్నదే. ఏడ్పు అబద్ధం కాదు, లెక్క అబద్ధం కాదు. ఆ రెండూ ఒకే గొంతులో ఉండడమే బ్లాక్ కామెడీకి మూలరూపం.

అంగీకారం కోసం నిరీక్షణ

‘బలగం’లో శవానికి మట్టి దొరకడం సమస్య కాదు. సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో ఊరందరినీ నవ్విస్తూ, పలకరిస్తూ తిరిగే ముసలి కొమురయ్య ఒక రోజు నిశ్శబ్దంగా కన్నుమూస్తాడు. మనుమడు సాయిలుకు అప్పులు ఉన్నాయి. మరునాడే నిశ్చితార్థం. దానితో వచ్చే కట్నం డబ్బుతో అప్పు తీర్చాలని అతని ఆలోచన. తాత చావు అతనికి మొదట దుఃఖంగా అందదు, గడువు తప్పిన వాయిదాగా అందుతుంది. ప్రియదర్శి ఈ పాత్రను పోషించిన తీరు ప్రశంసించదగినది. మొహంలో దుఃఖం తెచ్చుకోవడానికి పాట్లు పడే మనుమడిని చూసి ప్రేక్షకుడు నవ్వుతాడు. అతన్ని అసహ్యించుకోడు, ఎందుకంటే ఆ లెక్క ప్రేక్షకుడికి తెలుసు.

అసలు చిక్కు మూడొద్దులనాడు మొదలవుతుంది. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. చనిపోయినవాడికి ఇష్టమైనవి తెచ్చి పెట్టినా ముట్టదు. అయిదొద్దులకూ అదే. కాకి ముట్టకపోతే ఊరికి అరిష్టమని పెద్దలు పంచాయతీ పెడతారు. పదకొండొద్దులు చివరి గడువు. కేరళ చిత్రంలో బతికినవారు అనుమతి కోసం వేచి ఉంటే, ఇక్కడ చనిపోయినవాడి అంగీకారం కోసం వేచి ఉన్నారు. ఆ అంగీకారం తెలిపేది పక్షి. దానితో వాదించడానికి లేదు, లంచం ఇవ్వడానికి లేదు, దాని మీద చేయి చేసుకోవడానికి అసలే లేదు.

ఈ భేదం చిన్నది కాదు. వికారి మనిషి కనుక ఆయన్ని వెక్కిరించవచ్చు. కాకిని వెక్కిరిస్తే ఆ వెక్కిరింత వెక్కిరించినవాడి మీదికే తిరిగి వస్తుంది. అందుకే ‘బలగం’లో నవ్వు కాకి చుట్టూ చేరిన మనుషుల మీద పడుతుంది. చేతులు జోడించేవారు, పేర్లు పెట్టి పిలిచేవారు, ముసలాయన మనసులో ఏ కోరిక మిగిలిందో ఊహించేవారు. ప్రతివాడూ కాకి మనసు చదివే పండితుడే. ఒకరు చదివిన దానిలో మరొకరి తప్పు బయటపడుతుంది. కొమురయ్య బతికి ఉండగా అతని మనసులో ఏముందో ఎవరూ అడగలేదు. చనిపోయాక కాకి ద్వారా అడుగుతున్నారు. చిత్రంలోని అత్యంత నల్లని హాస్యం ఇదే. దర్శకుడు దీన్ని మాటల్లో చెప్పకుండా వదిలేయడం మంచి పని.

కన్నడంలో 2015లో వచ్చిన రామ్ రెడ్డి చిత్రం ‘తిథి’ ఇక్కడ గుర్తుకు వస్తుంది. మండ్య జిల్లా పల్లెలో నూటొక్క ఏళ్ళ సెంచురీ గౌడ చనిపోవడం, పదకొండో రోజు తిథి వరకు జరిగే వ్యవహారాలు దాని కథ. అక్కడ కూడా మనుమడికి డబ్బు కావాలి. కాని ‘తిథి’లో కొడుకు గడ్డప్పకు తండ్రి చావు పట్టదు, అతను తన దారిన తాను తిరుగుతుంటాడు. ఎవరూ ఎవరితోనూ రాజీ పడరు. పదకొండో రోజు వస్తుంది, పోతుంది. కన్నడ చిత్రానికి కర్మ ఒక గడువు మాత్రమే. తెలుగు చిత్రానికి కర్మ ఒక తీర్పు.

నల్లి బొక్క

కాకి ముట్టకపోవడానికి కారణం వెతుకుతూ కుటుంబం చేరే చోటు ఒక ఎముక. ఇరవై ఏళ్ళ కిందట విందులో అల్లుడు నారాయణకు నల్లి బొక్క పడలేదు. మాటామాటా పెరిగింది. అల్లుడు అలిగి వెళ్ళాడు. ఆ తరువాత బామ్మర్ది అయిలయ్య పిలవలేదు, బావ రాలేదు. తెలుగు సినిమాలో ఇంతకంటె చిన్న కారణం మీద ఇంత పెద్ద వైరం నిలిచిన కథ ఉండకపోవచ్చు.

ఈ ఎంపిక తేలికైనది కాదు. మాంసం వండిన ఇంట్లో ఏ ముక్క ఎవరి విస్తరిలో పడుతుందన్నది మర్యాదల పట్టిక. అల్లుడికి నల్లి బొక్క పెట్టడం అంటే నీ స్థానం మాకు తెలుసని చెప్పడం. అది లేకపోవడం ఆకలికి సంబంధించినది కాదు. తెలంగాణ పల్లెలో ఈ సంగతి ఎవరికీ వివరించనక్కరలేదు. ఇతర ప్రాంతాల ప్రేక్షకులకు కూడా వివరించకుండానే అందింది. పరువు అనే పెద్ద మాటను ఒక బొక్కలోకి కుదించడంలో ‘ఈ.మ.యౌ’ శవపేటికతో సరితూగే ప్రతిభ ఉంది.

అయితే ఆ ఎముక ధర కట్టింది నారాయణ కాదు, అయిలయ్య కాదు. కొమురయ్య కూతురు లక్ష్మి ఇరవై ఏళ్ళు పుట్టింటి గడప తొక్కలేదు. తండ్రి శవం మీద పడి ఏడ్చే వేళకు గాని ఆమెకు ఆ ఇల్లు తిరిగి దొరకలేదు. మగవాళ్ళ పంతం నవ్వు పుట్టిస్తుంది; ఆమె మీద నవ్వు పడదు, ఆమెకు నవ్వే అవకాశమూ లేదు. పెన్నమ్మ శోకంలో ఉన్న ఎత్తిపొడుపు లక్ష్మికి దక్కలేదు. బావ, బామ్మర్ది కలిసినప్పుడు ఆమె ఇరవై ఏళ్ళ లెక్క అడిగినవారు లేరు. చిత్రానికి ఈ సంగతి తెలియదని అనలేం. తెలిసి తొందరగా దాటింది.

భాష గురించి కూడా ఒక మాట చెప్పాలి. దశాబ్దాలుగా తెలుగు సినిమాలో తెలంగాణ మాండలికం హాస్యపాత్రకో ప్రతినాయకుడికో కేటాయించిన సరుకు. ఆ మాట వినబడితేనే నవ్వాలని ప్రేక్షకుడికి అలవాటు చేశారు. ‘బలగం’లో పాత్రలన్నీ ఆ భాషలోనే ప్రేమిస్తాయి, అప్పు చేస్తాయి, శోకిస్తాయి. భాష మీద నవ్వడం ఆగి, ఆ భాషలో నవ్వడం మొదలైంది. కాసర్ల శ్యామ్ రాసిన ‘ఊరు పల్లెటూరు’ పాటకు 2023 సంవత్సరపు జాతీయ ఉత్తమ గేయ రచన పురస్కారం రావడం ఈ మార్పుకు ఒక గుర్తింపు.

హాస్యపు వంత లేని కథ

పదకొండొద్దుల రాత్రి బుడగ జంగాల దంపతులు వచ్చి పాడతారు. చనిపోయినవాడి తరఫున, అతని గొంతుతో, బతికినవారిని పేరుపేరునా తాకే పాట అది. కొడుకులు, అల్లుడు, కూతురు, మనుమడు ఏడుస్తారు. పంతాలు కరుగుతాయి. పిట్ట ముడుతుంది. తెలంగాణ పల్లెల్లో ఊరంతా కూర్చుని తెరలు కట్టుకొని ఈ చిత్రం చూసినప్పుడు ఈ ఘట్టం దగ్గర ఏడ్వనివారు అరుదు.

పాడినవారు నటులు కారు. పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందినవారు. చావిళ్ళలో పాడడం వారి వృత్తి. కథ సిరిసిల్లది, కథను ముగించిన గొంతు ఓరుగల్లుది. ఆ గొంతును అర్థం చేసుకోవాలంటే సిరిసిల్ల నుంచి కాక పాత వరంగల్ జిల్లా పల్లెల నుంచి చిత్రాన్ని చూడవలసి ఉంటుంది. వరంగల్‌కు ఒక పక్క దుగ్గొండి అయితే మరొక పక్క జఫర్‌గఢ్. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో జఫర్‌గఢ్ మండలం జనగామ జిల్లాలోకి వచ్చింది. గుట్ట మీద పాత కోట, చుట్టూ చెరువులు, పల్లెలు. ఆ పక్కనే పాల్కురికి సోమనాథుని పేరు మోసిన పాలకుర్తి. అచ్చతెలుగు ద్విపదను జనం నోటికి అందించి, జంగముని శివునితో సమానం చేసిన కవి నేల అది. పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికుల ఆటపాటలను సోమనాథుడు ఎంత వివరంగా వర్ణించాడో పరిశోధకులకు తెలిసినదే. అదే జనగామ ప్రాంతం ఒగ్గుకథకు చుక్క సత్తయ్యను ఇచ్చింది. జఫర్‌గఢ్ వంటి చోట పెరిగిన ప్రేక్షకుడికి కథ చెప్పేవాళ్ళు తెరమీది వింత కారు. చావుకూ పండుగకూ వాకిట్లోకి వచ్చేవాళ్ళు.

అలాంటి ప్రేక్షకుడికి ‘బలగం’ పతాక సన్నివేశంలో ఒక లోటు కన్పించకపోదు. జంగం కథ ఏ రూపంలోనైనా ఏడ్పు ఒక్కదానితో నడవదు. దాని నుంచి రూపొంది, షేక్ నాజర్ చేతిలో ఆధునిక వేదిక ఎక్కిన బుర్రకథలో కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరిది రాజకీయ వంత, మరొకరిది హాస్యపు వంత. కథకుడు దుఃఖాన్ని ఎంత ఎత్తుకు తీసుకువెళ్ళినా హాస్యపు వంత ఒక్క మాటతో నేల మీదికి దించుతాడు. ఒగ్గుకథలోనూ సహాయకుల పరిహాసం కథనంలో విడదీయరాని భాగం. తెలంగాణలో దంపతులు పాడే కథల్లో ఈ పాత్రల విభజన అంత కచ్చితంగా లేకపోయినా, వంత పలికేవారు మధ్యలో ప్రశ్న వేయడం, ఎత్తిపొడవడం, విన్నవారిని నవ్వించడం ఉన్నవే. విశ్వనాథుడు విరోధులన్న రసాలను ఒకే ఆశ్రయంలో నిలబెట్టే విద్య ఆ కళాకారుల చేతిలో తరతరాలుగా ఉంది. బ్లాక్ కామెడీ అన్న పేరు లేకుండానే ఉంది.

‘బలగం’ ఆ విద్యలో సగాన్నే తీసుకొంది. గంటన్నరకు పైగా సాయిలు, నారాయణ, అయిలయ్యలతో నవ్వించిన చిత్రం, నవ్వించడం వృత్తిలో భాగమైన మనుషులు వచ్చినప్పుడు వారిని ఏడిపించడానికి మాత్రమే వినియోగించింది. పాటలో అంతా కరుణే. ఆ పాటకు బయట ఆ దంపతులకు పాత్ర లేదు. నల్లి బొక్క కోసం ఇరవై ఏళ్ళు అలిగిన పెద్దమనుషులను చూసి వంతగాడు ఏమనేవాడు? జంగం కథ విన్న ఎవరికైనా ఆ ఎత్తిపొడుపు ఊహించడం కష్టం కాదు. అది తెరమీద వినిపించి ఉంటే నవ్వు కింది నుంచి పైకి వెళ్ళేది. ఆస్తీ పరువూ ఉన్న కుటుంబం మీద, షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్న సంచార కళాకారుడు నవ్వినట్లయ్యేది. ఎవరు ఎంత నవ్వాలో పంచిపెట్టిన భరతుని పట్టిక అక్కడ తలకిందులయ్యేది. చిత్రం అంత దూరం వెళ్ళలేదు. కుటుంబం తనమీద తాను నవ్వుకోవచ్చు. బయటివాడు ఏడిపించవచ్చు గాని నవ్వకూడదు.

దీనికి సమాధానంగా చెప్పదగిన మాట ఉంది. పదకొండొద్దుల పాట ఆచారంలో ఒక భాగం. ఆ రాత్రి పాట ఓదార్పుకే గాని పరిహాసానికి కాదు. ప్రజల నమ్మకాన్ని గౌరవించిన చిత్రాన్ని తప్పుపట్టడం నగర విమర్శకుల అలవాటు. ఈ వాదనను తేలిగ్గా తీసివేయడానికి లేదు. పాట వినిపించిన ఊళ్ళలో విడిపోయిన అన్నదమ్ములు కలిసిన సంఘటనలు పత్రికల్లో వచ్చాయి. ‘ఈ.మ.యౌ’ చూసి ఏ వికారీ మారినట్లు వార్త రాలేదు. కళ ఒక పని చేసిందంటే దాన్ని బలహీనత అనడం తొందరపాటు. కాని ఇక్కడి ప్రశ్న ఏడ్పు ఎందుకు వచ్చిందని కాదు. ఏడ్పించినవారికి చిత్రంలో ఏ స్థానం దక్కిందని.

మలయాళ చిత్రంతో పోలిక ఇక్కడ మళ్ళీ ఉపకరిస్తుంది. ఈశికి అండగా రాత్రంతా పరుగులు తీసే అయ్యప్పన్ (వినాయకన్ నటన) ఆ కుటుంబానికి చెందినవాడు కాదు, ఆ మతానికి చెందినవాడూ కాదు. పంచాయతీ సభ్యుడు, స్నేహితుడు. శవపేటిక దగ్గర నుంచి పోలీసుల దాకా ప్రతి పనిలో అతని చేయి ఉంది. అతన్ని చిత్రం పనిముట్టుగా వాడుకొని వదలలేదు. అతను కోప్పడతాడు, హేళన చేస్తాడు, చివరకు తన వల్ల కాక ఏడుస్తాడు. ఆ ఏడ్పు ఈశి దుఃఖానికి అనుబంధం కాదు, అతని సొంతం. కుటుంబానికి బయటి మనిషికి సొంత నవ్వూ సొంత ఏడ్పూ ఇవ్వడంలో పెల్లిశ్శేరి చూపిన శ్రద్ధ, పొరుగు చిత్రంలో జంగం దంపతుల విషయంలో కన్పించదు. ‘ఈ.మ.యౌ’ను అభినందించేవారు సాధారణంగా దాని ముగింపును పేర్కొంటారు. సముద్రపు ఒడ్డున చనిపోయినవారు పడవల కోసం ఎదురుచూసే ఆ దృశ్యం గొప్పదే. తెలుగు దర్శకులు నేర్చుకోదగినది మాత్రం అయ్యప్పన్ పాత్ర.

‘బలగం’ అనే మాటకు బంధుబలం, అండగా నిలిచే జనం అని అర్థం. చిత్రం ప్రకారం ఆ బలగంలో కొడుకులు, కోడళ్ళు, అల్లుడు, మనుమలు ఉన్నారు. సూరత్ నుంచి వచ్చిన చిన్న కొడుకు పేరు మొగిలయ్య. చివరన వచ్చి పాడిన కళాకారుని పేరూ మొగిలయ్యే. ఒకరు లెక్కలో ఉన్నారు, మరొకరు లేరు. చిత్రం విడుదలైన తరువాత జనం ఈ లెక్కను తమకు తెలియకుండానే సరిచేశారు. దుగ్గొండి కళాకారునికి ఇంటి పేరు మారిపోయింది. ఆయన ఊరూరా ‘బలగం మొగిలయ్య’ అయ్యాడు. అప్పటికే మూత్రపిండాల వ్యాధి. ఆయన వైద్యానికి ప్రభుత్వం, సినీరంగంలోని కొందరు సహాయం చేశారు. 2024 డిసెంబరు 19న ఆయన మరణించాడు. ఇతరుల చావిళ్ళలో పాడిన ఆ గొంతుకు వంత పలుకుతూ వచ్చిన కొమురమ్మ మిగిలింది. ఆ దంపతుల వద్ద ఉన్న కథల్లో, ఆ కథల్లోని నవ్వుల్లో, తెరమీదికి వచ్చింది ఒక్క పాట.